వంపులో కాలు తీయగానే కారు వెనుక భాగం ఎందుకు జరుగుతోంది?

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఎనిమిది నెలల క్రితం 2004 నాటి బీఎండబ్ల్యూ ఎం3 కొన్నాను. కాలేజీ రోజుల నుంచి ఉన్న కోరిక. కొనేనాటికే లక్షా పన్నెండు వేల మైళ్లు తిరిగింది. కాంక్రీటు ఫ్రీవే మీద 65–70 మైళ్ల వేగంలో వెనుక భాగం అటూ ఇటూ ఊగుతున్నట్టు ఉంటుంది. ర్యాంపు వంపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే వెనుక భాగం ఒక్క ఉదుటున బయటికి జరుగుతుంది. మళ్లీ తొక్కితే ‘టక్’మని శబ్దం చేసి సర్దుకుంటుంది. వెనుక టైర్లు లోపలి అంచున అరిగిపోతే గత నెల ఆ రెండూ మార్చాను, ఊగడం ఇంకా పెరిగింది. అలైన్‌మెంట్ (చక్రాల దిక్కు, కోణాలు సరిచూడడం) చేయిస్తే కాగితం మీద అన్నీ పచ్చరంగులోనే వచ్చాయి. ఒక గ్యారేజీవారు షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. ఇంకొకరు కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ కలిసి ఉండే సెట్లు), వెనుక మందమైన యాంటీ రోల్ బార్ (వంపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) వేయాలని 3,500 డాలర్లు చెప్పారు. ఈ కారు స్వభావమే అంత అంటున్నారు మిత్రులు. మా ఆవిడ పాపను తీసుకుని ఇందులో ఎక్కనంటోంది. బాగు చేయించాలా, అమ్మేయాలా?

సమాధానం: సంగతి తేలేదాకా పాపను ఈ కారులో ఎక్కించకండి. మీ ఆవిడ భయం సరైనదే. ఆ 3,500 డాలర్లు కూడా ఇప్పుడే తీయకండి. మీకు మందు రాసిచ్చిన ఇద్దరిలో ఎవరూ నాడి పట్టి చూసినట్టు లేదు.

వెనుక భాగం నిలకడగా లేదని ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే: ఎప్పుడు? నేరుగా పోతున్నప్పుడా, కాలు తీసినప్పుడా, తొక్కినప్పుడా, బ్రేకు వేసినప్పుడా, వంపు మధ్యలో గతుకు తగిలినప్పుడా, వాన పడితేనా, చలి ఉదయాల్లో మాత్రమేనా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం దారి నడిచినట్టే. వంపులో గతుకు తగలగానే వెనుక భాగం పక్కకు ఎగిరితే షాక్ అబ్జార్బర్ వైపు చూస్తాను. తడి రోడ్డు మీదో, చలిలోనో మాత్రమే జారితే టైరు వైపు. బ్రేకు వేసినప్పుడు ఒకే పక్కకు లాగితే ఆ పక్క బ్రేకు, ఆ పక్క బుష్ (సస్పెన్షన్ కీలులో ఉండే రబ్బరు దిమ్మ). మీరు చెప్పినది వేరు. కాలు తీస్తే ఒక తీరు, తొక్కితే మరో తీరు. పెడల్‌తో పాటు మారే జబ్బు చాలావరకు చక్రాన్ని బాడీకి కట్టి ఉంచే రబ్బరులోనో, ఆ రబ్బరును పట్టుకున్న లోహంలోనో ఉంటుంది.

అది ఎలాగో చెబుతాను. బాణం నేరుగా పోవడానికి తోకన ఉన్న ఈకలు ఎంత అవసరమో, కారుకు వెనుక టైర్లు అంత అవసరం. ముందు చక్రాలు దారి తిప్పుతాయి, ఆ దారిలో కారును నిలిపేవి వెనుకవి. టైరు చూసే దిక్కుకూ, అది నిజంగా పోయే దిక్కుకూ మధ్య కొద్దిపాటి తేడా ఉంటేనే టైరుకు పక్కబలం పుడుతుంది. ఫ్రీవే మీద మామూలుగా లేన్ మారినప్పుడు వెనుక టైరు దగ్గర ఆ తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూగానే ఉంటుంది. అలాంటప్పుడు వెనుక చక్రం తనంతట తాను పావు డిగ్రీ తిరిగితే అది చిన్న విషయం కాదు. ఎవరో వెనుక సీట్లో కూర్చుని మరో స్టీరింగ్ తిప్పుతున్నట్టు ఉంటుంది. స్టీరింగ్ పట్టుకున్న చేతులకు ఏమీ తెలియదు, సీటుకు ఆనుకున్న నడుముకు తెలుస్తుంది.

మీ కారు ‘ఈ46’ అనే తరానిది, అది ఆ తరం త్రీ సిరీస్‌కు బీఎండబ్ల్యూ పెట్టుకున్న సంకేతం. దాని వెనుక సస్పెన్షన్ పుట్టింది జెడ్1 అనే రెండు సీట్ల చిన్న కారు కోసం. 1990లో వచ్చిన త్రీ సిరీస్‌కు అదే అమరికను తీసుకున్నారు, తర్వాతి తరంలోనూ అదే కొనసాగించారు. ఒక్కో పక్క పొడవాటి ట్రైలింగ్ ఆర్మ్ ఒకటి ఉంటుంది. దాని వెనుక కొసను పైన ఒకటి, కింద ఒకటి అడ్డ ఆర్ములు పట్టుకుంటాయి. ముందు కొస మాత్రం ఒకే ఒక లావాటి రబ్బరు బుష్ ద్వారా బాడీకి బిగించి ఉంటుంది. చక్రం ఏ దిక్కు చూడాలో తేల్చేది ఆ బుష్. ఆర్మ్ పైకీ కిందికీ ఆడేటప్పుడు అది మెలితిరగాలి, రోడ్డు కుదుపును కొంత మింగాలి, పక్కకు మాత్రం కదలకూడదు. ఒకే రబ్బరు ముక్క మీద ఇన్ని పనులు పెట్టారు. ఇరవై ఏళ్లు, లక్షకు పైగా మైళ్లు అయ్యాక అది చిరిగిందంటే ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. ఈ తరం కార్ల మీద పనిచేసేవాళ్లు వెనుక భాగం ఊగుతోందనగానే ముందు టార్చ్ వేసి చూసేది దాన్నే.

లెక్క కూడా చూడండి. బుష్ నుంచి చక్రం దాకా సుమారు అరమీటరు అనుకుందాం. ఆర్మ్ ముందు కొస 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే చక్రం దాదాపు 0.23 డిగ్రీలు తిరుగుతుంది. నేను పైన చెప్పిన పావు డిగ్రీ అదే. కాలు తీసినప్పుడు ఇంజను వెనుక చక్రాలను పట్టి వెనక్కి లాగుతుంది, తొక్కినప్పుడు అవి బాడీని ముందుకు తోస్తాయి. రబ్బరు గట్టిగా ఉంటే ఈ లాగుడు తోపుళ్లను అది మింగేస్తుంది. చిరిగితే ఆర్మ్ కొస ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతుంది. నేరుగా పోయేటప్పుడు రెండు చక్రాలూ వేర్వేరుగా ఇలా దిక్కు మారుస్తుంటే మీకు ఊగినట్టు అనిపిస్తుంది. వంపులో బరువంతా మోసే బయటి చక్రం బయటికి తిరిగితే వెనుక భాగం ఉదుటున జరుగుతుంది. లోపలి అంచున టైర్లు అరగడం కూడా ఈ కథకే సరిపోతుంది.

ఇక్కడ ఒక తేడా మీరు గుర్తించాలి. ఆరోగ్యంగా ఉన్న కారు కూడా వంపులో కాలు తీస్తే ముక్కు కాస్త లోపలికి తిప్పుతుంది. దాదాపు 1,550 కిలోల కారు, చక్రాల మధ్య పొడవు 2.73 మీటర్లు, బరువు కేంద్రం నేలకు సుమారు అరమీటరు ఎత్తున ఉందనుకుంటే, ఇంజను లాగుడుతో మెల్లబడేటప్పుడు కొన్ని పదుల కిలోల బరువు వెనుక నుంచి ముందుకు మారుతుంది. వెనుక టైర్ల పట్టు ఆ మేరకు తగ్గుతుంది. అది సహజం. కానీ ఆ కదలిక మెత్తగా, ఒకే ఊపులో వస్తుంది. పాడైన బుష్‌తో రెండు విడతల్లో వస్తుంది: ముందు క్షణం పాటు ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారిగా జరుగుతుంది. మీరు వాడిన ‘ఉదుటున’ అనే మాట దగ్గర నేను ఆగిపోయింది అందుకే.

ఇప్పుడు అలైన్‌మెంట్ కాగితం సంగతి. ఆ యంత్రం నిలబడి ఉన్న కారును కొలుస్తుంది. మీ జబ్బు కదిలే కారుది. బుష్ చిరిగినా, బలం పడనంతసేపూ ఆర్మ్ దాదాపు తన చోటే ఉంటుంది, కొలత పచ్చగానే వస్తుంది. ఆ కాగితం అబద్ధం చెప్పలేదు, మీరు అడగవలసిన ప్రశ్న దాన్ని అడగలేదు. పైగా రంగులు చూసి ఊరుకోకండి, అంకెలు చూడండి. ఎడమ వెనుక చక్రం టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) ఎంత, కుడి చక్రం టో ఎంత, రెండూ కలిపి వెనుక ఇరుసు కారు మధ్యగీతకు నేరుగా ఉందా లేదా. మొత్తం టో సరిగ్గా ఉండి కూడా ఎడమ, కుడి సమానంగా లేకపోతే కారు కొద్దిగా పక్కవాటుగా నడుస్తుంది.

టైర్ల దగ్గర మీరు చేసినది తప్పని అనను, కానీ దానివల్ల లక్షణాలు కలగలిసిపోయాయి. వెనుక రెండే మార్చారు. కొత్త టైరుకు ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల భాగం, లోతుగా ఉంటుంది, ఆ రబ్బరు దిమ్మెలు నిటారుగా నిలవక కొద్దిగా వంగుతాయి. మొదటి కొన్ని వందల మైళ్ల దాకా కారు మెత్తగా, ఆలస్యంగా తిరిగినట్టు ఉండడం మామూలే. అది కాక, ముందు పాత సమ్మర్ టైర్లు (వెచ్చని రోడ్డు కోసం చేసినవి) ఉండి వెనుక ఆల్ సీజన్ (అన్ని కాలాలకూ పనికొచ్చేవి) వేశారేమో చూడండి. ముందు చక్రాలు వెంటనే కరుచుకుని వెనుకవి ఆలస్యంగా కదిలితే, బుష్ బాగున్న కారు కూడా తోక ఊపుతుంది. టైరు పక్కగోడ మీద అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2317 అని ఉంటే 2017వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్లవీ రాసుకోండి. సమ్మర్ టైర్లయితే 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోయినప్పుడు రబ్బరు బిగుసుకుని పట్టు తప్పుతాయి. మీ దగ్గర జనవరి ఉదయాలు అంత చల్లగా ఉంటాయి. గాలి మాత్రం ఇవాళే, కారు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలో ఉన్న కొలతకు సరిచేయండి. రెండు నిమిషాల పని, దీన్ని వదిలేసి సస్పెన్షన్ విప్పినవాళ్లను చాలామందినే చూశాను. ఊగడం తారు రోడ్డు మీద కూడా ఉందా, పొడవునా గీతలు కోసిన కాంక్రీటు మీదే వస్తోందా అన్నది కూడా గమనించండి. గీతల మీద మాత్రమే అయితే అందులో టైర్ల పాలు ఎక్కువ.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతోంది. ఆ ‘టక్’ శబ్దం.

ఈ46 కార్లలో వెనుక సబ్‌ఫ్రేమ్‌ను, అంటే డిఫరెన్షియల్‌నూ (ఇంజను బలాన్ని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) సస్పెన్షన్‌నూ మోసే ఉక్కు చట్రాన్ని, కారు నేల రేకుకు నాలుగు చోట్ల, మౌంట్ల దగ్గర, బిగిస్తారు. ఆ నాలుగు చోట్లా రేకు పగుళ్లు ఇవ్వడం ఈ తరం కార్లకు బాగా తెలిసిన బలహీనత. ప్రతిసారీ తొక్కి, వదిలినప్పుడు ఇంజను తిప్పుబలం ఆ రేకును ఒకసారి పైకి, ఒకసారి కిందికి వంచుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి, వెల్డింగ్ చుక్కల దగ్గర చీలుతుంది. మీ కారులో అమెరికా లెక్కన 333 గుర్రాల ఇంజను ఉంది, ఆ రేకు మీద భారం ఇంకా ఎక్కువ. కాలు తీసి తొక్కినప్పుడు వచ్చే టక్ శబ్దానికి ఇతర కారణాలూ ఉన్నాయి: డిఫరెన్షియల్ బుష్, సబ్‌ఫ్రేమ్ బుష్‌లు, గేర్‌బాక్స్‌కూ, బలాన్ని వెనక్కి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కూ మధ్య ఉండే రబ్బరు పళ్లెం. వాటిలో ఏదైనా అయితే మంచిదే. కానీ నేల పగిలిందా లేదా అన్నది తేలకుండా ఒక్క డాలరు కూడా వేరేచోట పెట్టకండి. పగిలిన నేలకు కొత్త బుష్‌లు, ఖరీదైన షాకులు బిగిస్తే ఇల్లు కూలుతుంటే కిటికీలకు రంగు వేసినట్టు.

కాబట్టి పని వరుస ఇది. బీఎండబ్ల్యూ కార్ల మీదే పనిచేసే, ఈ నేల మరమ్మతు స్వయంగా చేసిన గ్యారేజీని వెతకండి. కారు కింద భాగం కడిగించి తీసుకెళ్లండి, మట్టి కింద పగులు కనపడదు. నాలుగు మౌంట్ల చుట్టూ టార్చ్ వేసి చూడమనండి, మీరు పక్కనే నిలబడి ఫోటోలు తీయండి. పెయింటు గీతలా చిట్లినా, దాని వెంట తుప్పు రంగు కారినా అనుమానించాలి. పూర్తిగా తేల్చాలంటే సబ్‌ఫ్రేమ్‌ను కిందికి దించి చూడవలసి రావచ్చు. పగులు ఉంటే దాన్ని వెల్డ్ చేసి, పైన బలపరిచే ఉక్కు పలకలు వేయాలి. అది పెద్ద పని, అయినా చేయదగిన పనే.

అదే రోజు బుష్ కూడా చూపించుకోండి. చక్రాలు వేలాడే లిఫ్ట్ మీద కాకుండా, కారు తన కాళ్ల మీద నిలబడే ర్యాంపు మీద చేయించాలి. ఆర్మ్ ముందు కొసకూ బాడీకీ మధ్య చిన్న గడ్డపార లాంటి కడ్డీ పెట్టి పక్కకు తోసి చూడాలి. మంచి బుష్ కొద్దిగా కదిలి, వదలగానే తిరిగి వస్తుంది. పోయినది సులువుగా జరుగుతుంది, చిరిగిన రబ్బరు కళ్లకే కనపడుతుంది. రెండు పక్కలా చేయించండి, ఒక పక్క మరో పక్క కంటే ఎక్కువ ఆడితే అదీ ఒక ఆధారమే. తర్వాత చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపితే వీల్ బేరింగ్, ఆర్మ్ కొసన ఉన్న బాల్ జాయింట్లు బయటపడతాయి. షాక్ అబ్జార్బర్ నుంచి నూనె కారుతుంటే చెప్పనక్కరలేదు. చిన్న గతుకుల మీద డిక్కీ లోపల డబడబ చప్పుడు వస్తే షాక్ పైభాగం మౌంట్ చూడాలి. మొదటి గ్యారేజీవారి మాట పూర్తిగా తప్పు కాకపోవచ్చు, ఈ వయసు కారులో షాకులు కూడా అరిగి ఉండవచ్చు. వాళ్లు చూడకుండా చెప్పారన్నదే నా అభ్యంతరం.

రెండో గ్యారేజీవారి సలహా మీద మాత్రం నాకు కోపం వచ్చింది. వెనుక యాంటీ రోల్ బార్ మందం పెంచితే వంపులో వెనుక బయటి టైరు మీద బరువు ఇంకా పేరుకుంటుంది, వెనుక ఇరుసు మొత్తం పట్టు తగ్గుతుంది. ముందు భాగం మొండికేసే కారుకు అది మందు. వెనుక భాగం జారుతోందని ఏడుస్తున్న కారుకు అది విషం. ఇరవై ఏళ్ల క్రితం ఒక కారుకు నేనే షాకులు మార్చాను, తర్వాత స్ప్రింగులు మార్చాను. రెండుసార్లూ కొన్ని వారాలు బాగున్నట్టే అనిపించింది. చివరికి దొరికింది చిరిగిన బుష్. బిగుతైన భాగాలు వేస్తే లోపం పోదు. ఆలస్యంగా, ఎక్కువ వేగం దగ్గర, ఇంకా హఠాత్తుగా బయటపడుతుంది. ఫ్రీవే ర్యాంపు మీద అలాంటి కారులో మీరు ఉండడం నాకు ఇష్టం లేదు.

బుష్ అని తేలితే ఏది వేయాలని అడుగుతారు. రోజూ నడిపే కారుకు కంపెనీ రబ్బరు బుష్‌లే వేయించండి, వాటి రెండు పక్కలా లిమిటర్లు అనే పలుచని బిళ్లలు పెట్టించండి. ఆర్మ్ మెలితిరగడానికి అవి అడ్డురావు, పక్కకు జరగడాన్ని మాత్రం ఆపుతాయి. రబ్బరు బదులు వాడే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ గట్టిగా ఉంటుందని చాలామంది ఎగబడతారు. ఈ ఆర్మ్ ఒకే ఇరుసు మీద తలుపులా తిరగదు, పైకి పోతూ కొద్దిగా వాలుతుంది కూడా. గట్టి పాలీ ఆ వాలును అడ్డుకుని బిగుసుకుంటుంది, కొన్నాళ్లకు తానే అరుగుతుంది. ఈ చోటులో దాన్ని నేను సిఫారసు చేయను.

బిగించేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది, మీరు ముందే అడగండి. ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బుష్ బోల్టు బిగిస్తే, కారు నేల మీదకు దిగగానే రబ్బరు మెలిపడిపోయి ఎప్పుడూ అలాగే ఉంటుంది. కొత్త బుష్ ఏడాదిలోపే చిరగడానికి ఆ ఒక్క తప్పు చాలు. కారు నిలబడే ఎత్తులో ఆర్మ్ ఏ కోణంలో ఉంటుందో ఆ కోణంలో పెట్టే చివరి బిగింపు ఇవ్వాలి.

ఆ పని అయ్యాక అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి, ఎందుకంటే ఈ కారులో వెనుక టో సరిచేసేది ఆ బుష్ బ్రాకెట్‌ను జరిపే. కంపెనీ కొలతలు బరువు వేసిన కారుకు ఇచ్చినవి: ముందు సీట్లలో చెరో 68 కిలోలు, వెనుక సీటు మధ్యలో 68, డిక్కీలో 21, ట్యాంకు నిండా పెట్రోలు. ఈ బరువులు వేసి చేస్తారా అని అడగండి. ప్రశ్న వినగానే ముఖం చిట్లిస్తే ఇంకో చోటికి వెళ్లండి.

ఇక మీ మిత్రుల మాట. కొన్ని కార్లకు వెనుక భాగం పుట్టుకతోనే చురుకు అన్నది నిజమే. హోండా ఎస్2000 మొదటి మోడళ్లలో చక్రం పైకి కిందికి పోయినప్పుడు వెనుక టో బాగా మారేది, 2004 మోడల్‌కు హోండా ఆ అమరికను సవరించింది. 1998లో వచ్చిన ఆడి టీటీ జర్మనీ ఆటోబాన్ల మీద ఎక్కువ వేగంలో ప్రమాదాలకు గురైతే, కంపెనీ సస్పెన్షన్ మార్చి, వెనుక స్పాయిలర్, ఈఎస్‌పీ (కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) చేర్చింది. ఎం3 ఆ కోవలోది కాదు. బాగున్న ఈ46 ఎం3 ఫ్రీవే మీద గీత గీసినట్టు పోతుంది, వంపులో కాలు తీసినా చెప్పి మరీ కదులుతుంది. వీలైతే బాగా చూసుకున్న మరో ఎం3లో పది నిమిషాలు కూర్చుని రండి. మీ కారు ఎలా ఉండాలో అప్పుడు మీ నడుముకే తెలుస్తుంది.

పరీక్షించాలనే తపనతో ర్యాంపు మీద కావాలని కాలు తీసి చూడకండి. డీఎస్‌సీ (ఈఎస్‌పీ లాంటిదే, బీఎండబ్ల్యూ పెట్టుకున్న పేరు) ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. అది జారిన కారును బ్రేకులతో పట్టుకోగలదు, చక్రం తిరిగిన దిక్కును సరిచేయలేదు. తప్పనిసరిగా నడపవలసి వస్తే వంపుకు ముందే వేగం తగ్గించి, వంపులో కాలును ఒకే ఒత్తిడిలో ఉంచండి.

అమ్మడం గురించి ఇప్పుడే ఏమీ చెప్పను. నేల గట్టిగా ఉండి, జబ్బు బుష్‌ల వరకే అయితే, ఆ భాగాలకూ కూలికీ అయ్యేది మీకు చెప్పిన 3,500లో చిన్న వాటా మాత్రమే. అప్పుడు ఈ కారును వదులుకోమని నేను ఎందుకు చెబుతాను? నేల పగిలి ఉంటే మరమ్మతు లెక్క తీసుకుని, కారుకు మీరు పెట్టిన డబ్బుతో పోల్చి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. అమ్మేదైనా, ఆ ఫోటోలు కొనేవారికి చూపించే అమ్మండి, వాళ్ల పిల్లలు కూడా వెనుక సీట్లోనే కూర్చుంటారు. నాలుగు మౌంట్ల ఫోటోలు, టైర్ల మీద అంకెలు, పాత అలైన్‌మెంట్ కాగితం నాకు పంపండి. ముందు ఫోటోలు పంపండి, మిగిలినవి తర్వాత చూద్దాం.